గంట గోపురం పగులు

బాపట్ల బజారు నడుమనున్న పాత పెంకుల చర్చిని కూల్చేస్తారని చెప్పడానికి కరుణశ్రీ తెనాలి దాకా వచ్చి, చెప్పకముందే ఏడ్చింది.

"మా అమ్మమ్మ పెళ్ళీ, అమ్మ పెళ్ళీ అక్కడేనండి. వచ్చే నెల నాది. తుపానుకి గోపురం పగిలిందట, ఈరోజే తీర్మానం!"

"ముందు కాఫీ తాగమ్మా," అంది డిటెక్టివ్ సుధారాణి. ఆవిడకు అసిస్టెంటు, డ్రైవరు, భర్త ఒక్కరే: ఆంజనేయప్రసాద్. జీతం లేదు, భోజనం ఉంది. భార్య తెలివి మీద ఆయనకున్న నమ్మకం కారు బ్రేకుల మీద లేదు.

చర్చి గుమ్మం దగ్గర అందరూ చెప్పులు విడిచారు. గోపురం కూల్చాలని రిపోర్టిచ్చిన ఇంజనీరు అనుదీప్ మాత్రం బూట్లతోనే లోపలికి నడిచాడు. చర్చి కమిటీ పెద్దలు మొహాలు చిట్లించారు. సుధారాణి బయటే ఆగి, ఒక తోలు చెప్పుల జతను తిరగేసి చూసి, మళ్ళీ సరిగ్గా పెట్టింది.

"కొత్తవి కావాలంటే చెప్పొచ్చుగా," గొణిగాడు ప్రసాద్.

"కావాలి. ముందు పదండి."

అనుదీప్‌ని అడిగింది, "గోపురం ఎక్కావా బాబూ?"

"లేదండి. కిందనుంచి ఫోన్లో జూమ్ చేశా. డేంజరేనండి."

"మీరో?"

"మోకాళ్ళమ్మా! ఏడాదిగా మెట్టెక్కలేదు," అన్నాడు కమిటీ కార్యదర్శి రమేష్ బాబు.

సుధారాణి, ప్రసాద్ గోపురం మెట్లెక్కారు. గంట వేలాడే కమాను కింద ఆ పగులు గీత గీసినట్టు నిటారుగా దిగింది. దాని కింద ఎర్రటి ఇటుక పొడి. పొడిలో వట్టి పాదాల గుర్తులు.

"రేపల్లెలో మా పుట్టింటి గోడ గుర్తుందా?" అంది సుధారాణి. "సున్నం మెత్తన, ఇటుక గట్టి. అందుకే పగులు సున్నం వెంట మెట్లుమెట్లుగా దిగింది. ఇది ఇటుకల్నే కోసుకుంటూ పోయింది."

"అంటే కోత మిషనా?" ప్రసాద్ నోరు తెరిచాడు.

కిందికి దిగి పాస్టరుగారితో సహా అందరినీ బెంచీల మీద కూర్చోబెట్టింది. కోత సంగతి చెప్పి, నిట్టూర్చింది.

"తుపాను హోరులో మిషను చప్పుడు వినపడలేదు. కోసినవాడెవడో గానీ బొత్తిగా భక్తి లేదు. చెప్పులేసుకునే గంట దగ్గరికెక్కాడు."

రమేష్ బాబు దిగ్గున లేచాడు. "అబద్ధం! దేవుడి గుళ్ళో చెప్పులా? కిందే విడిచానండీ!"

బెంచీల మీద తలలన్నీ ఆయనవైపు తిరిగాయి.

"మోకాళ్ళూ నయమైనట్టున్నాయి," అంది సుధారాణి. "పైన ఉన్నవి వట్టి పాదాల గుర్తులే. బూట్లు విప్పని అనుదీప్‌వి కావు. బయట తోలు చెప్పుల్లో పాదం ఆనేచోట కుట్ల సందుల్లో ఎర్రపొడి ఉంది, అడుగున లేదు. పొడి కాళ్ళతో దిగి తొడుక్కున్నారు. అవి మీవేగా?"

ఆయన తల వంచాడు. ఈ స్థలంలో కట్టబోయే షాపుల కాంట్రాక్టు తన బావమరిదిదేనని ఒప్పుకుని, గబగబా బయటికి నడిచాడు.

పాస్టరుగారు తీర్మానం చింపేశారు. "పగులు పూడ్పించి, ఇక్కడే నీ పెళ్ళి చేస్తాను తల్లీ," అన్నారు. ఈసారి కరుణశ్రీ నవ్వుతూ ఏడ్చింది.

గుమ్మంలో తోలు జత అలాగే ఉంది. ప్రసాద్ చెప్పులే లేవు.

"సాక్ష్యం వదిలేసి మీవి తొడుక్కుపోయాడు," అంది సుధారాణి. "పదండి, మీకే కొత్తవి కొందాం. పెళ్ళికి రావాలిగా."