అప్పలసూరి మూడో అభ్యంతరం

బండి రెండో మలుపు దాటింది, నిట్టూర్చినట్టు చిన్న చప్పుడు చేసింది, ఆగిపోయింది.

దాని మీద కూర్చున్న డాక్టర్ గేదెల అప్పలసూరి రెండు కాళ్లూ నేలకానించి, పక్కనున్న పొద కొమ్మ గట్టిగా పట్టుకున్నాడు. సీటు కింద నుంచి మాడు వాసన వస్తోంది. ఎవరైనా అయితే కంగారు పడేవారు. ఆయన ముఖం మాత్రం పెళ్లికొడుకు ముఖంలా వెలిగిపోతోంది.

"ఎక్కలేదు మేడమ్!" అని కొండ కిందికి కేకేశాడు. "నేను ముందే చెప్పానా లేదా?"

ఆ బండిని తయారు చేసిన శాస్త్రవేత్త డాక్టర్ కొల్లాబత్తుల రూతు రాళ్ల మీద అడుగులేసుకుంటూ పైకి వచ్చింది. మోటారు మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేసింది.

అది 2053వ సంవత్సరం. మైదానంలో బస్సులు తమంతట తామే నడుస్తున్నాయి. పాల ప్యాకెట్లు ఆకాశంలోంచి గుమ్మం ముందు దిగుతున్నాయి. తూర్పు కనుమల్లో ఉన్న ఊబలగరువు అనే ఊరికి మాత్రం ఆ నాటికి కూడా రోడ్డు లేదు. కొండ కింద నుంచి పైదాకా తొమ్మిది కిలోమీటర్ల రాళ్లబాట. అంతే. మందులు తీసుకుని డ్రోన్లు వెళ్లేవి గానీ, సగం పొగమంచులో దారి తప్పి జీలుగు చెట్లకి వేలాడేవి. మిగతా సగం చేరితే, పాంగి చిలకమ్మ అనే ఆవిడ కింద ఆస్పత్రిలో కూర్చున్న డాక్టరుగారు తెరమీద చెబుతుంటే మేకలకి ఇంజెక్షన్లు వేసేది.

ఆ కింద కూర్చున్న డాక్టరే అప్పలసూరి. ఇంటిపేరు గేదెల, ఉద్యోగం పశువుల డాక్టరు. అది చూసి నవ్వని మనిషి ఆ మండలంలో లేడు. ఆరేళ్లుగా ఆయన ఊబలగరువు కొండ ఎక్కలేదు. ప్రతి మూడు నెలలకీ నివేదికలో ఒకే వాక్యం రాసేవాడు: 'దారి ప్రయాణ యోగ్యము కాదు.' పదకొండింటికి ఇడ్లీ, రెండింటికి కునుకు, నాలుగింటికి టీ. జీవితం చల్లగా నడుస్తోంది.

అలాంటి సమయంలో పశుసంవర్ధక శాఖ వారు రూతు ప్రయోగశాలకి కొండలెక్కే ఎలక్ట్రిక్ డర్ట్ బైక్ ఒకటి తయారు చెయ్యమని పని అప్పగించారు. "డ్రోను మందు మోసుకెళుతుంది. కడుపులో అడ్డం తిరిగిన దూడని సరిచెయ్యలేదు కదా," అని ఆవిడ సంతోషంగా ఒప్పుకుంది. బండికి 'ఉడుత' అని పేరు పెట్టింది. వాడబోయేది అప్పలసూరి కాబట్టి పరీక్షించి సంతకం చెయ్యాల్సింది కూడా ఆయనే. ఉడుత కొండెక్కితే తన కునుకు కొండెక్కుతుందని ఆయనకి అర్థమైపోయింది.

"మీ కాగితంలో ఎనిమిది కిలోవాట్లు అని రాశారు మేడమ్," అన్నాడు పొద కొమ్మ వదలకుండా. "ఎనిమిది కిలోవాట్లంటే ఏనుగుని లాగాలి. నన్నే లాగలేకపోయింది."

"ఎనిమిది పీక్ పవర్ డాక్టరుగారూ. పది సెకన్ల పాటు ఇవ్వగలిగేది. వేడెక్కకుండా, ఆగకుండా ఇవ్వగలిగేది మూడే. ఈ ఎత్తులో మీరు పోయిన వేగానికి ఐదు కావాలి. అందుకే మాడింది."

అప్పలసూరి ఆలోచించాడు. "అంటే, మా కాంపౌండరు సింహాచలం పెళ్లి భోజనంలో పాతిక గారెలు తిన్నట్టు. తిన్న మాట నిజమే. రోజూ తినలేడు."

"సరిగ్గా అంతే," అంది రూతు ఆశ్చర్యంగా.

"అయితే పెళ్లినాటి లెక్కని రోజూ తిండి లెక్కగా చూపిస్తే ఎలాగండీ?" అని, ఆ సాయంత్రమే తన మొదటి అభ్యంతరం రాసి పంపేశాడు. దానికి జవాబు రావడానికి రెండు నెలలు పడుతుందని ఆయన అంచనా. ఈలోగా రెండో అభ్యంతరానికి పనికొస్తుందని మోటార్ల మీద పుస్తకాలు తెప్పించి చదవడం మొదలెట్టాడు. కాలేజీలో కూడా అంత శ్రద్ధగా చదవలేదు.

సరిగ్గా రెండు నెలలకి ఉడుత-2 వచ్చింది. రూతు ఈసారి మోటారు చుట్టూ మైనం లాంటి పదార్థం ఒకటి నింపింది. మోటారు వేడెక్కితే అది కరిగి ఆ వేడిని మింగేస్తుంది, దిగేటప్పుడు చల్లారి మళ్లీ గట్టిపడుతుంది. దాంతో ఆగకుండా ఇచ్చే పవర్ ఐదు కిలోవాట్లకి పెరిగింది. బండి రెండో మలుపు దాటింది, మూడోది దాటింది. అప్పలసూరి గబుక్కున బ్రేకు నొక్కాడు.

"నిబంధనల ప్రకారం కింది మూడు కిలోమీటర్లలోనే పరీక్ష చెయ్యాలి," అని అక్కడే వెనక్కి తిప్పాడు. అలాంటి నిబంధన ఎక్కడా లేదు. "ఒక్క ఛార్జికి వంద కిలోమీటర్లు అన్నారు కదా. చూస్తాను."

ఎక్కాడు, దిగాడు. ఎక్కాడు, దిగాడు. నడుము పట్టేసింది. మధ్యాహ్నం కునుకు కూడా మానేసి పట్టుదలగా తిరిగాడు. పదకొండోసారి ఎక్కి పైకి చేరబోతుండగా, అరవై మూడో కిలోమీటరు దగ్గర బ్యాటరీ అయిపోయింది. నడుం పట్టుకుని బండి దిగుతూ, "అరవై మూడే!" అని విజయగర్వంతో ప్రకటించాడు.

రూతు కోప్పడలేదు. ఒక రాయి మీద కూర్చుని ఓపిగ్గా చెప్పింది. "బ్యాటరీ మీద వోల్టులు డెబ్భై రెండు, ఆంపియర్-అవర్లు ముప్ఫై అని ఉంది కదా. రెండూ హెచ్చవేస్తే రెండు వేల నూట అరవై వాట్-అవర్లు. అది కుండలో ఉన్న బియ్యం. ఎన్ని పూటలు వస్తాయన్నది తినేవాళ్లని బట్టి ఉంటుంది. మేం వంద అన్నది చదునైన రోడ్డు మీద, నెమ్మదిగా, అరవై కిలోల మనిషితో."

"ఇక్కడ తినేది ఎవరు?"

"మీరే. తొంభై నాలుగు కిలోలు. పైగా కొండ."

"మరి ఆ అరవై కిలోల మనిషినే ఇక్కడికి బదిలీ చెయ్యండి," అన్నాడు ఆయన ఆశగా. ఆ దారి లేదని తెలిశాక రెండో అభ్యంతరం రాశాడు.

ఇక్కడే ఆయన లెక్క తప్పింది. ఆయన ప్రతి అభ్యంతరంలోనూ నిజం ఉంది. రూతు నిజాన్ని వదిలే మనిషి కాదు. ఆయన ఎక్కడ తప్పు పడితే అక్కడ బండి బాగుపడుతోంది. మరో మూడు నెలలకి మూడు వేల ఆరు వందల వాట్-అవర్ల బ్యాటరీతో ఉడుత-3 వచ్చి కొండ కింద నిలబడింది. పొద్దున్నంతా శాఖ పెద్దలు దాని మీద మైదానంలో చక్కర్లు కొట్టి, ఫొటోలు దిగి వెళ్లిపోయారు. మధ్యాహ్నానికి రూతూ అప్పలసూరీ మిగిలారు. ఆయన జేబులో మూడో అభ్యంతరం సిద్ధంగా ఉంది.

"టార్క్ మూడు వందల అరవై న్యూటన్ మీటర్లు అని రాశారు. మోటారు దగ్గర ఎంత మేడమ్?"

"నలభై," అని నవ్వింది రూతు. "టార్క్ అంటే తిప్పే బలం. బిగుసుకుపోయిన ఊరగాయ సీసా మూతకి మణికట్టు పెట్టే బలం లాంటిది. మోటారు నలభై పెడితే, మధ్యలో పళ్లచక్రాలు దాన్ని తొమ్మిది రెట్లు చేసి వెనక చక్రానికి అందిస్తాయి. అందుకు బదులుగా వేగం తొమ్మిదో వంతుకి పడిపోతుంది. కొండెక్కడానికి కావాల్సింది చక్రం దగ్గరున్న బలమే."

"రెండూ రాయాలి. ఒకటే రాస్తే జనాన్ని మోసం చేసినట్టు," అని ఆయన కలం తీశాడు.

అప్పుడే ఫోను మోగింది. తెర మీద చిలకమ్మ ముఖం చెమటతో తడిసిపోయి ఉంది.

"డాక్టరు బాబూ, మా ఎర్రావుకి పొద్దుట్నుంచీ నొప్పులు. ఒక కాలే బయటికొచ్చింది. తల రాట్లేదు. ఆవు పడిపోనాది."

"కిందికి తీసుకు..." అని అలవాటుగా మొదలెట్టాడు అప్పలసూరి.

"ఎలాగ తెమ్మంటావు బాబూ? ఆవుకి డోలీ కట్టమంటావా?"

ఆయన కొండ వైపు చూశాడు. తల వెనక్కి మడతపడిన దూడ. గంటా గంటన్నరలో చెయ్యి పెట్టకపోతే రెండు ప్రాణాలూ పోతాయి. నడిచి ఎక్కితే నాలుగు గంటలు.

రూతు బండి మీటరు చూసింది. పొద్దున్న ఫొటోల పుణ్యమా అని బ్యాటరీ ముప్ఫై ఒక్క శాతమే ఉంది. "నేను వెళ్లనా? నేను యాభై ఎనిమిది కిలోలే," అంది.

"వెళ్లి ఏం చేస్తారు మేడమ్? దూడకి టార్క్ పాఠం చెబుతారా?" అంటూనే మందుల సంచి వీపుకి తగిలించుకున్నాడు. ఆయన పెదాలు కదులుతున్నాయి. రూతు ఏదో దేవుణ్ణి తలుచుకుంటున్నాడనుకుంది. కాదు, లెక్క వేస్తున్నాడు. "మూడు వేల ఆరు వందల్లో ముప్ఫై ఒక్క శాతం, పదకొండు వందల పైచిలుకు. నాతో పైకి ఏడు వందలు తింటుంది. గంటకి పదిహేను కిలోమీటర్లు దాటకుండా పోతే మోటారు వేడెక్కదు. చాలు."

బయల్దేరాడు. పరీక్షల్లో తిరిగిన మూడు కిలోమీటర్లూ కళ్లు మూసుకుని ఎక్కగలడు. ఆ పైన ప్రతి మలుపూ కొత్తదే. ఒక పక్క లోయ, ఇంకో పక్క తడి రాయి. తొందరగా పోవాలని చెయ్యి లాగుతోంది, ఐదు కిలోవాట్లు దాటొద్దని బుర్ర ఆపుతోంది. ఏడో కిలోమీటరు దగ్గర బురద ఎత్తు ఎదురైంది. ఆయన కంగారులో యాక్సిలరేటర్ ఒక్కసారిగా తిప్పాడు. వెనక చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగి ముఖం నిండా బురద చల్లింది. బండి లోయ వైపు జారింది.

రెండు కాళ్లూ నేలకి తన్నిపెట్టి ఆపాడు. అప్పుడు చదివింది గుర్తొచ్చింది. పెట్రోలు బండి ఉరకలెత్తాక గానీ బలం చూపించదు. ఈ బండి నిలబడ్డ చోటే మొత్తం బలం ఇచ్చేస్తుంది. అడిగినంతా ఇచ్చేవాణ్ణి కొంచెం కొంచెంగా అడగాలి. తొలిచూలు గేదెని పాలకి మచ్చిక చేసేటప్పుడు వేళ్లు ఎలా ఆనించేవాడో అలా తిప్పాడు, వెంట్రుక వాసి. చక్రం మట్టిని పట్టుకుంది. ఉడుత పైకి పాకింది.

తొమ్మిది శాతం మిగిలి ఉండగా ఊబలగరువు చేరాడు. బురదలో మునిగిన ఆకారాన్ని చూసి కుక్కలు మొరిగాయి. చిలకమ్మ మాత్రం గుర్తుపట్టింది. ఆరేళ్లుగా తెరమీద చూస్తున్న ముఖమే కదా.

ఆయన చొక్కా విప్పి, చెయ్యి భుజం దాకా కడుక్కుని పడుకున్న ఆవు వెనక మోకరిల్లాడు. దూడని ముందు లోపలికి నెట్టాడు. వెనక్కి మడతపడిన తలని వేళ్లతో వెతికి, మూతి పట్టుకుని ముందుకి తిప్పాడు. లోపలే ఉండిపోయిన రెండో కాలిని కూడా బయటికి తీసి తాడు వేశాడు. లాగడానికి నలుగురు మగవాళ్లు ఎగబడితే, "ఆగండి! ఆవు ముక్కినప్పుడే లాగాలి. ఒక్కసారి లాగితే చంపేస్తాం," అని గదమాయించాడు. ఆవు ముక్కింది, లాగారు. ఆగింది, ఆగారు. నలభై నిమిషాలకి పెయ్యదూడ జారి గడ్డి మీద పడింది. ముక్కులో గడ్డిపోచ పెడితే తుమ్మింది. ఎర్రావు మెల్లగా తలెత్తి దాన్ని నాకడం మొదలెట్టింది.

అప్పలసూరి అక్కడే కూలబడిపోయాడు. ఎన్నాళ్లయిందో ఇలాంటి పని చేసి. చిలకమ్మ చోడి అంబలి గిన్నె చేతికిచ్చింది.

"దారి లేదు కదమ్మా చిలకమ్మా, లేకపోతే ఎప్పుడో వచ్చేవాణ్ణి," అన్నాడు, ఆవిడ అడగకపోయినా.

"దారి అప్పుడూ ఉంది బాబూ," అంది చిలకమ్మ మామూలుగా. "నాను వారం వారం సంతకి దాన్నే దిగుతున్నాను."

అప్పలసూరి గిన్నెలోకి చూస్తూ మిగతా అంబలి తాగేశాడు.

మూడో అభ్యంతరం కాగితాన్ని ఆయన చించేశాడు. ఆ తర్వాత నెల రోజులు, ఎవరూ అడగకుండానే, ఉడుతని రకరకాలుగా పరీక్షించాడు. బురదలో, ఎండలో, నిండు సంచితో. దిగేటప్పుడు బ్యాటరీ తిరిగి ఎంత నింపుకుంటుందో కూడా కొలిచాడు. చివరికి నివేదిక రాశాడు. పీక్ వేరు, ఆగకుండా ఇచ్చేది వేరు అని విడమరిచాడు. మోటారు టార్క్, చక్రం టార్క్ రెండూ రాశాడు. కింద గీత గీసి తేల్చాడు: 'తొంభై నాలుగు కిలోల మనిషితో, మందుల సంచితో, ఒక్క ఛార్జికి కొండ మీదికి ఆరు రాకపోకలు. ఇది నేను స్వయంగా తిరిగి తేల్చిన నిజం.' తన ఉద్యోగ జీవితంలో అంత నిజాయితీగా రాసిన కాగితం అదేనని ఆయనకి గర్వం కలిగింది. వారానికి రెండుసార్లు ఊబలగరువు వెళ్లి రావడం కూడా అలవాటైంది. పైన గాలి బాగుంటుందని సింహాచలంతో చెప్పుకునేవాడు.

మరుసటి నెలలో శాఖ నుంచి ఉత్తర్వు వచ్చింది. నివేదికని ఆకాశానికెత్తారు. రాష్ట్రమంతటికీ ఆదర్శం అన్నారు. ఆ తర్వాతి పేరా ఇలా ఉంది: 'ఒక్క ఛార్జికి ఆరు రాకపోకలు సాధ్యమని డాక్టర్ అప్పలసూరిగారే ధ్రువీకరించినందున, ఇకపై వారు దినమునకు ఆరు కొండ గ్రామములను దర్శించవలెను. ఈ కారణముగా ఆ ప్రాంతములోని మిగిలిన ఐదు పశువైద్యుల పోస్టులు అనవసరమని భావించి రద్దు చేయడమైనది.'

ఆయన ఆ పేరా మూడుసార్లు చదివాడు. రూతుకి ఫోన్ చేశాడు.

"మేడమ్, ఆ బ్యాటరీ కాస్త చిన్నది చెయ్యడానికి ఏమైనా వీలవుతుందా?"

"చిన్నదా? భలేవారే! మీ నివేదిక చదివాక మాకు ఎంత ఉత్సాహం వచ్చిందనుకున్నారు! ఉడుత-4 దాదాపు సిద్ధమైపోయింది. ఒక్క ఛార్జికి పన్నెండు రాకపోకలు!"

అప్పలసూరి ఉత్తర్వు తీసి, 'ఆరు' అన్నచోట పన్నెండు పెట్టి ఇంకోసారి చదువుకున్నాడు.

"డాక్టరుగారూ, ఉన్నారా?"

"ఉన్నాను మేడమ్. దాని మీద కూర్చునే మనిషిని కూడా కొత్తగా తయారు చేస్తున్నారా అని అడుగుతున్నాను."

రూతు నిజంగానే కాసేపు ఆలోచించింది.

"అది మా శాఖ కాదు డాక్టరుగారూ," అంది.