పాస్టరు చెయ్యెత్తాడు

"అసలు ఎందుకు చెయ్యెత్తారు?"

వాలీబాల్ ఫైనల్ పోయినందుకు కాదు, పోగొట్టి ఇంత ప్రశాంతంగా కూర్చున్నందుకు నర్సుకి ఒళ్ళు మండింది.

"బంతి నా వేలికి తగిలి బయటికెళ్ళింది," అన్నాడు పాస్టరు.

"అంపైర్ చూడలేదు కదా!"

"నాకు తెలుసు కదా."

నాలుగేళ్ళుగా ఇదే వరస. ఆ పల్లెలో జట్టు పెట్టింది అతనే, ప్రార్థన అవగానే నెట్టు కట్టేది అతనే, బంతి గోరుకి రాసుకున్నా సరే చెయ్యెత్తి పాయింటు అవతలివాళ్ళకి అప్పజెప్పేదీ అతనే. వాచిన వేళ్ళకి ప్లాస్టర్ చుట్టేది మాత్రం ఆమె. చుట్టినంతసేపూ అతని చెవులు ఎర్రబడతాయి. నోరు వాతావరణం గురించి మాట్లాడుతుంది.

"నాన్న మెడికల్ షాపతని సంబంధం ఖాయం చేస్తానంటున్నాడు," అంది ప్లాస్టర్ గట్టిగా లాగి.

"అబ్బా! మంచివాడండీ. మన జట్టులో బంతి చక్కగా అందిస్తాడు."

"అంతేనా?"

"సర్వీసు కొంచెం మెరుగుపడాలి."

కత్తెర బల్లమీద పడింది. "అయితే ఖాయం చెయ్యమంటాను!"

పెళ్ళి ప్రకటన చర్చిలో మూడు ఆదివారాలు చదవాలి. మొదటిసారి గంట కొట్టినట్టు చదివాడు. రెండోసారి ఇంకా స్పష్టంగా. ముందు బెంచీలో ఆమె పళ్ళు నూరింది. ఇతన్ని ప్రేమించేకంటే నెట్టు కట్టిన కర్రని ప్రేమించడం నయం. అదైనా గాలికి కాస్త కదులుతుంది.

మూడో ఆదివారం వాన. "అభ్యంతరం ఉన్నవాళ్ళు ఇప్పుడే చెప్పండి," అని పాస్టరు కాగితం మడిచాడు. రేకులమీద చినుకులు తప్ప ఎవరూ పలకలేదు.

అతని కుడిచెయ్యే మెల్లగా పైకి లేచింది.

ప్రార్థన అనుకుని పెళ్ళికొడుకు తల వంచాడు.

సంఘపెద్ద అయిన ఆమె తండ్రి కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇదేంటి పాస్టరుగారూ? చదివేదీ మీరే, అడ్డు చెప్పేదీ మీరేనా?"

"తగిలిందండీ. నాలుగేళ్ళ క్రితమే. ఎవరూ చూడలేదు కదా అని ఊరుకున్నాను."

ఆమె దిగ్గున లేచింది. "మీకు తెలుసు కదా! నాకూ తెలుసు కదా! గోరుకి తగిలితే ఆ క్షణమే ఎత్తే చెయ్యి, దీనికి నాలుగేళ్ళు పట్టిందా?"

ఆ కోపం చూసి పెళ్ళికొడుకు, "నాకేం అభ్యంతరం లేదండీ," అని వెనక బెంచీకి జరిగాడు.

"మళ్ళీ మొదట్నుంచి మూడు ఆదివారాలు," అని తండ్రి నిట్టూర్చాడు. "ఈసారి నేనే చదువుతాను. ఈయన్ని నమ్మలేం."

పాస్టరు చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

"దించండి," అంది ఆమె సంచిలో ప్లాస్టర్ వెతుక్కుంటూ. "ఆ వేలు మళ్ళీ వాచింది."