కథలో పడ్డ ఆటో డ్రైవరు

రాచర్ల నుంచి గిద్దలూరుకు షేర్ ఆటో నడిపే ఆనంద్ బాబు మీద ఒక కథ అచ్చయింది. ఆ సంగతి పల్లెలో అందరికంటే చివర తెలిసింది అతనికే.

రాసింది ఫెబీ. అదే పల్లెలో నాలుగిళ్ళ అవతల ఉంటుంది. కూలికి పోయే ఎలీషబమ్మ కూతురు. బీఈడీ చేసి, గిద్దలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతుంది. రోజూ అతని ఆటోలోనే వెళ్తుంది. అంచున కూర్చుని పొలాలు చూసుకుంటోందని అనుకున్నాడు గానీ, తనను గమనిస్తోందని అతనికి తోచలేదు. ఆమె ఒక్కసారైనా తన వంక చూడాలని అతను రెండేళ్ళుగా అద్దం సర్దుకుంటున్నాడు, అది వేరే సంగతి.

కథలో డ్రైవరు పేరు ఆశీర్వాదం. మగవాళ్ళు ఎక్కితే మధ్య సీటు చూపిస్తాడు. కూలికి పోయే ఆడవాళ్ళనేమో వెనక డిక్కీలో, కాళ్ళు బయటికి వేలాడేసుకుని కూర్చోమంటాడు. చార్జీ మాత్రం అందరికీ ఒకటే. ఇదేం న్యాయమని అడిగితే, మీ ఆయన్ను పంపించు, ఆయనతో మాట్లాడతా అంటాడు. చివర్లో ఆడవాళ్ళంతా ఆటో దిగి, కబుర్లు చెప్పుకుంటూ నడిచి వెళ్ళిపోతారు.

వారపత్రికలో వచ్చిన ఆ కథను ఫెబీ చర్చిలోని స్త్రీల సమాజంలో చదివి వినిపించింది. వాళ్ళు ఊరుకోక రెండోసారి కూడా చదివించుకున్నారు.

మర్నాడు పొద్దున కూలికి పోయే వీరమ్మ గంపతో వచ్చి, నేరుగా మధ్య సీట్లో కూర్చుని, "పోనీ ఆశీర్వాదం" అంది. ఆటో అంతా గొల్లుమంది. ఎందుకో అతనికి అర్థమైంది పత్రిక తెప్పించుకుని చదివాకే. వారం తిరిగేసరికి అతన్ని అసలు పేరుతో పిలిచేది వాళ్ళమ్మ ఒక్కతే మిగిలింది.

ఒక సాయంత్రం స్కూలు గేటు దగ్గర ఫెబీ కోసం కాపు కాశాడు.

"ఏంది ఫెబీ, నా మీద అట్ల రాసినావు?"

"నీ పేరు రాసినానా?"

"లేదు."

"మన పల్లె పేరు?"

"లేదు."

"మరి అది నువ్వేనని నీకెట్ల తెలిసింది?"

రాచర్ల వచ్చేదాకా అతను అద్దం వంక చూడకుండా ఆటో నడిపాడు. దిగేటప్పుడు ఆమే ఒక దారి చూపించింది. అంత కోపముంటే అతను కూడా ఆమె మీద కథ రాసుకోవచ్చట. పెన్నూ కాగితాలూ ఆడవాళ్ళ సొత్తేం కాదట.

పంతం పట్టి ఒక లాంగ్ నోట్‌బుక్కు కొన్నాడు. 'పొగరుబోతు టీచరు' అని పైన పెద్దక్షరాలతో రాశాడు. గిరాకీ లేనప్పుడల్లా స్టాండులో కూర్చుని సాగించాడు. ఆ టీచరు కుదుపుల్లో కూడా పేపర్లు దిద్దడం, నవ్వొస్తే కిటికీ లేని ఆటోలో కిటికీ వెతుక్కున్నట్టు పక్కకు తిరగడం, వాన రోజు తన గొడుగు ఒక ముసలమ్మకిచ్చి తాను తడవడం, అన్నీ రాశాడు. నాలుగు పేజీలు నిండాయి. పొగరు మాత్రం ఎక్కడా రాలేదు.

ఈలోగా ఫెబీ కథ సంగతి సంఘ పెద్ద నతానియేలు చెవిన పడింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన ఇద్దరినీ నిలబెట్టాడు. మనవాళ్ళ సంగతులు పత్రికలకెక్కించడం ఆడపిల్లకు తగదన్నాడు. ఆనంద్ బాబుకు క్షమాపణ చెప్పి, ఇక కథలు రాయనని అందరి ముందూ మాట ఇవ్వమన్నాడు.

ఎలీషబమ్మ భయపడి, చెప్పేయమ్మా అని కూతురి చెవిలో గొణిగింది. ఫెబీ తల వంచలేదు. కానీ ఆమె బైబిలును గట్టిగా గుండెకు అదుముకోవడం ఆనంద్ బాబుకు కనిపించింది. కథ సంగతి తెలిసినప్పటి నుంచి అతను కోరుకున్నది ఇదే. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు.

"పెద్దయ్యా, ఆ కథలో ఉన్నది నేనే," అన్నాడు. "ఆమె అబద్ధం రాయలేదు. క్షమాపణ నేను చెప్పాల, ఈ ఆడోళ్ళందరికీ. ఆమె రాయడం మానేస్తే, రేపు ఇంకొకడు ఇట్ల చేసినప్పుడు చెప్పేదెవరు?"

నతానియేలు నోరు తెరిచేలోపే వీరమ్మ "ఆమేన్" అంది.

బయట వాన మొదలైంది. ఎలీషబమ్మను వీరమ్మకు అప్పజెప్పి, ఫెబీ వచ్చి ఆటోలో కూర్చుంది. ఎక్కడికని అడిగాడు. ఎక్కడికీ కాదంది. అతను కథ రాస్తున్న సంగతి స్టాండులో అందరికీ తెలుసని, తీసి చూపించమంది.

నాలుగు పేజీలూ ఓపిగ్గా చదివింది. చినుకులు పడకుండా పుస్తకాన్ని ఒళ్ళోకి లాక్కుంది.

"తిట్లేవి?"

"దొరకలేదు."

"అన్నీ బానే రాసినావు గానీ, ఆ పిల్లకు ఒక్క మాట కూడా ఇయ్యలేదు. తడుస్తది, నవ్వుతది, అంతే. ఆ పిల్లకు నోరు లేదా?"

ఆనంద్ బాబు హ్యాండిల్ వైపు చూస్తూ చెప్పాడు. "ఆ పిల్ల ఏమంటదో నాకేం తెలుసు? ఇష్టమని రాస్తే అబద్ధమైతదేమోనని భయం. లేదని రాయడానికి చెయ్యి రాలేదు. నాకైతే నువ్వంటే ఇష్టం ఫెబీ. నీ మాట నువ్వే చెప్పు."

ఫెబీ అతని జేబులో పెన్ను తీసుకుని, చివరి పేజీలో ఒక వాక్యం రాసి పుస్తకం చేతికిచ్చింది.

'మా అమ్మతో నేను మాట్లాడతా, మీ నాయనతో నువ్వు మాట్లాడు, అన్నది ఆ పిల్ల.'

అతను రెండుసార్లు చదివాడు. మూడోసారి పైకి చదవబోతే ఆమె నోరు మూయించింది.

అన్న మాట ప్రకారం ఆ సాయంత్రమే ఫెబీ అమ్మకు చెప్పింది. అక్కడ జరిగింది ఆమె తర్వాత అతనికి చెప్పింది. ఎలీషబమ్మ పొయ్యి ముందు నుంచి లేవకుండానే, ఆ కథలో ఉన్నోడేనా అని అడిగిందట.

"కథలో ఉన్నోడు కాదమ్మా, కథ చదివినోడు," అందట ఫెబీ.

ఎలీషబమ్మ పొయ్యిలోకి ఇంకో పుల్ల ఎగదోసింది. అయితే రేపు వాళ్ళ నాయనను రమ్మను అంది.