అరచేతి సుత్తి

పొగలు కక్కుతున్న టీ గ్లాసుని ఆవిడ గుడ్డతో పట్టుకొచ్చి భర్త ముందు పెట్టింది. ఆయన దాన్ని వట్టి చేత్తో అందుకుని, అడుగున చిటికెన వేలు ఆనించి, తీరిగ్గా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఊదుకోనూ లేదు, చెయ్యి మార్చుకోనూ లేదు.

"అది గ్లాసనుకున్నారా, ఐసుముక్కనుకున్నారా? అలా ఎలా పట్టుకున్నారండీ?"

"చల్లారిపోయిందిలే."

ఆవిడ గ్లాసు ముట్టుకుని చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. చల్లారడం మాట అటుంచి, ఇంకా చుర్రుమంటోంది. ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. ఆయన కిటికీ వైపే చూస్తున్నాడు.

ఆ వీధిలో ఆయన్ని అందరూ పెద్దమేస్త్రి అంటారు. బల్లలూ కుర్చీలూ బీరువాలూ చేసే వడ్రంగి. ఇంటి వెనక రేకుల షెడ్డులోనే పని. చేతిలో నేర్పు ఎంతుందో ముక్కు మీద కోపం అంతుంది. అయితే ఆ కోపం పాల పొంగులాంటిది, పొయ్యి మీంచి దించితే చాలు, అదే అణిగిపోతుంది. ఇంట్లోవాళ్లకి ఆ సంగతి తెలుసు కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకునేవాళ్లు కాదు.

కూతుర్ని చిన్నమేస్త్రి అంటారు. చదువు పూర్తయ్యాక ఏదో ఆఫీసులో కుదురుకుంటుందని అందరూ అనుకుంటుంటే, ఆ పిల్ల ఉలి పట్టుకుని షెడ్డులోకి నడిచింది. తల్లి నెత్తీ నోరూ కొట్టుకుంది. తండ్రి మంచీ చెడూ ఏమీ అనలేదు. వారం తిరక్కుండా కూతురి ఎత్తుకి సరిపోయేలా ఇంకో పనిబల్ల చేసి తన బల్ల పక్కనే వేశాడు. అంతకంటే నోరు తెరిచి చెప్పడం ఆయనకి చేతకాదు.

ఇప్పుడా బల్ల మీద డబ్బాలూ పాత గుడ్డలూ పేరుకున్నాయి.

జరిగింది చిన్న సంగతే. ఎవరికో అప్పగించాల్సిన భోజనాల బల్ల ఒక కాలు వదులుగా ఉందని అమ్మాయి కనిపెట్టింది. నాన్న చేసిన అతుకు కదలడం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆయన నొచ్చుకుంటాడేమోనని ఆయన లేనప్పుడు విప్పి, సరిచేసి, అరచేత్తో నాలుగు దెబ్బలు వేసి బిగించింది. ఆఖరి దెబ్బకి ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నా పని మీద చెయ్యి వేసేంతటిదానివయ్యావా? రేపట్నుంచి ఈ షెడ్డు గడప తొక్కకు!"

పొంగు అణుగుతుందని అమ్మాయి ఎదురుచూసింది. ఆ రోజు అణగలేదు, ఆ వారం అణగలేదు, నెల గడిచినా అణగలేదు. మొదట్లో ఏడ్చింది. తర్వాత ఏడుపు కూడా రావడం మానేసింది. లేచి, బట్టలు మడతపెట్టి, పెట్టింది తిని పడుకునేది. కోపంగా ఉందా అని తల్లి అడిగితే, ఆలోచించి చూసుకుని "లేదమ్మా" అంది. నిజంగానే లేదు. ఏమీ లేదు. ఊళ్లో ఫర్నిచర్ షోరూంలో ఉద్యోగం ఉందంటే సరేనంది. సోమవారం చేరాలి. మెషీన్లు చేసిన కుర్చీల పక్కన నిలబడి, "కూర్చుని చూడండి మేడమ్" అనాలి. అంతే పని.

తల్లి గుడ్డతో గబుక్కున భర్త చేతిలోంచి ఆ టీ గ్లాసు లాక్కుని, ఆ చెయ్యి తిప్పి చూసింది. చిటికెన వేలి మీద బొబ్బ లేచి ఉంది. ఉంగరపు వేలు సున్నం రాసినట్టు తెల్లగా పాలిపోయింది.

"ఇదేంటండీ? నొప్పిగా లేదూ?"

"ఏం లేదు, వదులు."

"నొప్పి తెలియట్లేదా మీకు? ఎన్నాళ్ల నుంచి?"

పక్కగదిలో దుప్పటి మడతపెడుతున్న అమ్మాయి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తండ్రి చేతిని, ఆ తెల్లటి వేలిని చాలాసేపు చూసింది.

"బల్ల కాలు అందుకే వదులైందా నాన్నా?" అంది. గొంతులో కోపమూ లేదు, జాలీ లేదు.

"ఏంటి, మళ్లీ తనిఖీ మొదలుపెట్టావా?"

"నీ వేళ్లకి తెలియట్లేదు. అతుకు కూర్చుందో లేదో తెలియట్లేదు. అది నేను కనిపెట్టేశానని నన్ను తోసేశావు. అంతేనా?"

"నోర్ముయ్!" ఆయన లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. "నా షెడ్డు, నా ఇష్టం! నువ్వు పోయి కుర్చీలమ్ముకో!"

"అమ్ముకుంటాలే," అంది అమ్మాయి. పడిన కుర్చీని లేపి సరిగ్గా వేసి, మళ్లీ దుప్పటి దగ్గరికి వెళ్లింది.

ఆ అరుపుకి కూతురు ఏడ్చి ఉంటే ఆయన తట్టుకునేవాడేమో. ఆ పిల్ల దుప్పటి అంచులు కలిపి నిమ్మళంగా మడతపెట్టడం చూసి ఆయన ఆ కుర్చీలోనే కూలబడ్డాడు. తల్లి చెప్పులేసుకుని, "ఇద్దరూ బయల్దేరండి" అంది. ఆవిడ అలా అన్నప్పుడు ఆ ఇంట్లో ఎదురు చెప్పే మొనగాడు లేడు.

ఆస్పత్రిలో డాక్టరు వేళ్లు నొక్కి, మణికట్టు పట్టుకుని చూసి, డాప్లర్ స్కాన్ చేయించమన్నాడు. స్కాన్ గదిలోకి తోడుగా ఒక్కరినే రానిస్తామన్నారు. తల్లి బెంచీ మీద బైఠాయించి, "నువ్వెళ్లు. నాకు ఆ మెషీన్లు చూస్తే కళ్లు తిరుగుతాయి" అంది. పచ్చి అబద్ధం. ఇంట్లో మిక్సీ పాడైతే విప్పేది ఆవిడే.

గదిలో స్కాన్ చేసే డాక్టరమ్మ ఆయన అరచేతిని బల్ల మీద వెల్లకిలా పెట్టించి, జెల్ రాసి, చిన్న పరికరాన్ని మణికట్టు మీద ఆనించింది. తెర మీద ఎర్రటి, నీలపు రంగులు కదిలాయి. మెషీన్లోంచి చిత్రిక పట్టినట్టు చప్పుడు వచ్చింది. సర్రు, సర్రు, సర్రు.

"ఇది మీ రక్తం ప్రవహిస్తున్న చప్పుడు," అందామె. "చేతికి రక్తం రెండు దారుల్లో వస్తుంది. ఒకటి బొటనవేలి వైపు నుంచి, రెండోది చిటికెన వేలి వైపు నుంచి. రెండూ అరచేతిలో కలుస్తాయి. ఒకటి మూసినా రెండోది చేతిని కాపాడాలి. చూద్దాం."

పరికరాన్ని ఉంగరపు వేలి మొదట్లో ఆనించి, రెండో చేత్తో బొటనవేలి వైపు మణికట్టుని గట్టిగా నొక్కింది. సర్రు సర్రుమంటున్న చప్పుడు సన్నగిల్లి ఆగిపోయింది.

ఆమె వేలు తీసింది, చప్పుడు నీరసంగా తిరిగొచ్చింది. మళ్లీ నొక్కింది, ఆగింది.

"ఈ చిటికెన వేలి వైపు దారి పనిచెయ్యట్లేదండీ." పరికరాన్ని కిందికి జరిపి అరచేతి మడమ దగ్గర ఆపింది. "ఇదిగో, ఇక్కడ రక్తనాళం ఉబ్బి, లోపల గడ్డ కట్టింది. మీరు అరచేత్తో దేన్నైనా కొడుతుంటారా?"

ఆయన మొహంలో అంత బాధలోనూ కాస్త గర్వం తొంగిచూసింది. "అతుకులు కూర్చోబెట్టేది అరచేత్తోనేనండీ. నేను పని మొదలెట్టినప్పట్నుంచీ అంతే. సుత్తితో కొడితే చెక్క మీద మచ్చ పడుతుంది కదా."

"ఆ మచ్చ ఇక్కడ పడింది," అందామె మెల్లగా. "సమయానికే వచ్చారు. మందులా, ఆపరేషనా అన్నది పెద్ద డాక్టరుగారు చెప్తారు. కానీ ఈ చేత్తో ఇక దేన్నీ కొట్టకూడదు."

ఆయన తలూపాడు. ఆమె జెల్ తుడుచుకోమని కాగితపు రుమాలు ఇచ్చింది. దాన్ని చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడి, ఆగిపోయిన తెర వైపు చూస్తోంది. నాన్న చెయ్యి దెబ్బతిందని వింటున్నా తన లోపల ఏమీ కదలడం లేదేమిటా అని తనని తానే పరాయిదాన్ని చూసినట్టు చూసుకుంటోంది.

"డాక్టరమ్మా," అన్నాడు తండ్రి. "మా అమ్మాయి చెయ్యి కూడా ఒకసారి చూడండి."

"ఆమెకేమైంది?"

"ఏం కాలేదు. ఏం కాకూడదు." ఆయన తలొంచుకున్నాడు. "వడ్రంగి అండీ అది. నా దగ్గరే నేర్చుకుంది. అరచేత్తో కొట్టడం... నేనే నేర్పాను. చిన్నప్పుడు దాని చెయ్యి పట్టుకుని మరీ కొట్టించాను. అచ్చం నా దెబ్బే దానిది. దయచేసి చూడండి."

అమ్మాయి చేతులు వెనక్కి దాచుకుంది, ఎందుకో తనకే తెలియదు. నెలరోజులుగా గడ్డకట్టుకుపోయిన ఏడుపు ఒక్కసారిగా గొంతులోకొచ్చి పడింది. షోరూంలో చేరబోయే అమ్మాయి అని చెప్పలేదు నాన్న. వడ్రంగి అన్నాడు. పరాయిమనిషి ముందు, తలొంచుకుని, బతిమాలుతూ అన్నాడు.

"రామ్మా, కూర్చో," అంది డాక్టరమ్మ. "చీటీ లేకుండా ఇలా చూడకూడదనుకో. ఒక్క నిమిషం."

కూతురి వేలి దగ్గర చప్పుడు మొదలైంది. మణికట్టు నొక్కగానే ఒక్క క్షణం తడబడింది. తండ్రి ముందుకి వంగాడు. ఆ వెంటనే రెండో దారి అందుకుంది. సర్రు, సర్రు, సర్రు. ఆగలేదు.

"బాగుంది. ఇంకా ఏమీ కాలేదు. కానీ ఇలాగే కొడుతూపోతే నేను హామీ ఇవ్వలేను."

"ఆ చప్పుడు ఇంకొక్కసారి వినిపిస్తారా?" అన్నాడాయన.

ఆమె వినిపించింది. తండ్రి కళ్లు మూసుకుని విన్నాడు. కూతురు వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఆ చప్పుడు జోరందుకుంది. అది విని ఇద్దరికీ ఏడుపులోనే నవ్వొచ్చింది.

ఇంటికొచ్చాక ఆయన భోజనానికి కూడా కూర్చోకుండా షెడ్డులోకి వెళ్లాడు. ఎడం చేత్తో కూతురి బల్ల మీది డబ్బాలూ గుడ్డలూ ఒక్కొక్కటే కింద పెట్టాడు. మూలనున్న గట్టి చెక్కముక్క ఒకటి తీసి దాని మీద పెట్టాడు.

"కొయ్యసుత్తి చెయ్యి. మొహానికి తోలు అతికించు, మచ్చ పడదు," అన్నాడు. "ఒకటి కాదు, రెండు."

"రెండెందుకు?"

"ఎడం చెయ్యి ఉందిగా నాకు! అప్పుడే నన్ను ఇంట్లో కూర్చోబెట్టేద్దామనే?"

తల్లి గుమ్మంలోంచి ఫోను చూపిస్తూ, "షోరూం వాళ్లకి ఏం చెప్పమంటారు?" అని అరిచింది.

"మా చిన్నమేస్త్రికి ఖాళీ లేదని చెప్పు!"

అమ్మాయి చెక్కముక్క చేతిలోకి తీసుకుంది. బరువుగా, చల్లగా తగిలింది. చాలారోజుల తర్వాత ఒక వస్తువు చేతికి తగిలినట్టు తెలిసింది.

ఆయన తన బల్ల దగ్గరికి వెళ్లాడు. దాని మీద సగం చేసిన కుర్చీ ఉంది, నిన్నటి పని. దాని కాలి మీద వేళ్లు ఆనించి, నొక్కి చూశాడు. తర్వాత చెయ్యి తీసేసి పక్కకి జరిగాడు.

"ఇటు రా," అన్నాడు. "ఈ అతుకు బిగిసిందా లేదా చూసి చెప్పు. నాకు తెలియడం లేదు."

అమ్మాయి దగ్గరికొచ్చింది. తండ్రి మొహంలోకి ఒకసారి చూసి, కుర్చీ కాలి మీద చెయ్యి వేసింది. మెల్లగా కదిపింది. చెప్పాలా వద్దా అని తటపటాయించింది.

"చెప్పమ్మా."

"వదులే నాన్నా."

"సరే," అన్నాడాయన. "విప్పు. మళ్లీ చేద్దాం."