బా అల్లాల్ బేరం

"నువ్వసలు మనిషివేనా, అన్నా?"

నా ప్రేమకథ ఈ మాటతో మొదలైంది. అందులో మొదటి సగం తిట్టు. రెండో సగం అంతకంటే ఘోరం. కాసాబ్లాంకాలోని దర్బ్ గల్లెఫ్ బజారులో కొట్టు పెట్టుకున్న ఏ కుర్రాడినైనా అడగండి. అందమైన అమ్మాయి దొంగా అని తిట్టినా పడతాడు గానీ, అన్నయ్యని చేస్తే మాత్రం తట్టుకోలేడు.

బయట వాన. కొట్టు రేకుల మీద పడే చప్పుడుకి ఎవరి మాట వాళ్ళకే వినపడడం లేదు. అయినా ఆమె తిట్లు నాకు స్పష్టంగా వినిపించాయి. కుట్టు ఫ్యాక్టరీలో వేసుకునే నీలం కోటుతోనే వచ్చేసింది. కోటు మీద దారపు ముక్కలు, చేతిలో తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టిన టాబ్లెట్.

"నిన్న కొన్నాను. ఒక బొమ్మ నొక్కి, టీ పెట్టుకుని, తాగి వచ్చేసరికి తెరుచుకుంటోంది. నా డబ్బు నాకిచ్చెయ్."

"లల్లా," అన్నాను, ఆడవాళ్ళని మర్యాదగా పిలిచే మాటతో. "ఇది నా కొట్టులోది కాదు."

"దొరికిపోయాక అందరూ అదే అంటారు!"

"నీకమ్మినవాడి కొట్టు తలుపు ఏ రంగు?"

"వాడికి తలుపెక్కడిది? గేటు పక్కన మడత బల్ల వేసుకుని..." అని, ఆగి, నా ఆకుపచ్చ తలుపు వైపు చూసింది.

"వాడక్కడ లేడు. చూసే వచ్చాను," అంది. "ఎవరో ఒకరి మీద అరవకపోతే పిచ్చెక్కేలా ఉంది. నువ్వు ఎదురుగా కనపడ్డావు."

ఇంత నిజాయితీగా నన్నెవరూ తిట్టలేదు. స్టూల్ జరిపాను. కూర్చుంది.

టాబ్లెట్ తీసి చూశాను. స్క్రీన్ నిజంగానే బాగుంది. పెద్దది, రంగులు కళ్ళు చెదిరేలా ఉన్నాయి. నాకు ఒళ్ళు మండేది అక్కడే. ఈ ఊళ్ళో జనం పెళ్ళికూతుర్ని కూడా మెరుపొక్కటే చూసి ఒప్పుకోరు, టాబ్లెట్‌ని మాత్రం మెరుపు చూసే కొంటారు.

"మెమరీ ఎంతన్నాడు?"

"సెట్టింగ్స్‌లో చూపించాడు. అంత పెద్ద అంకె వేసి ఉంటే ఇంకేం అడగను?"

"ఆ అంకె వేసినవాడూ వాడే." నా దగ్గరున్న ఒక ప్రోగ్రాం నడిపి అసలు అంకె చూపించాను. చెప్పినదాంట్లో పావు కూడా లేదు. "పైన మొహం కొత్తది. లోపల ప్రాసెసర్ ముసలిది. ఎవరికి కొన్నావు? చదువుకునే తమ్ముడికా?"

"మా నాన్నకి." చేతిలోని ప్లాస్టిక్ సంచిని మడతలు పెడుతూ చెప్పింది. "సోమవారం ఆపరేషన్. గొంతులో క్యాన్సర్. స్వరపేటిక తీసేస్తారట. ఆ తర్వాత ఇక మాట ఉండదు."

వాన ఆగేదాకా మిగతాది చెప్పింది. తన పేరు వియామ్. తండ్రి అల్లాల్‌ని పేటంతా బా అనే, అంటే నాన్న అనే పిలుస్తుంది. ఆయన వీధుల్లో బండి తోసుకుంటూ పాత సామాన్లు కొంటాడు. చదువు లేదు. కింద ఆయన కేక వినపడితేనే పై అంతస్తుల ఆడవాళ్ళు కిటికీలు తెరిచి, చిల్లుపడ్డ బిందెలూ పాత రేడియోలూ కిందికి దించుతారు. మైకులో టేపు వేసుకుని తిరిగేవాళ్ళకి ఎవరూ తలుపు తీయరు. గొంతు తెలిసినవాడిదే బేరం. బొమ్మలు నొక్కితే మాట పలికే ప్రోగ్రాం ఉంటుందని ఆసుపత్రిలో ఒక నర్సు చెప్పిందట. ఆ మాటల్ని ముందుగా నాన్న గొంతులోనే రికార్డు చేసి పెట్టుకోవాలి. సోమవారం లోపల.

"నీ దగ్గర మంచిది ఉందా, అన్నా? కానీ నా దగ్గర డబ్బు అంతగా లేదు. సగం వాడు పట్టుకుపోయాడు."

మర్నాడు మధ్యాహ్నం ఫ్యాక్టరీ విరామంలో వచ్చింది. ఎండ కాస్తోంది. మూడు టాబ్లెట్లు పట్టుకుని ఆమెను కొట్టు బయటికి తీసుకెళ్ళాను.

"లోపల లైటు కింద చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. మీ నాన్న తిరిగేది ఎండలో. ఇక్కడ చూడు."

మొదటిదాని స్క్రీన్ ఎండలో కూడా బాగా కనపడింది. కానీ బొమ్మ నొక్కితే మాట రావడానికి తాపీగా ఆలోచించుకుంది.

"ఈలోగా పై అంతస్తు ఆవిడ కిటికీ మూసేసుకుంటుంది," అంది వియామ్.

రెండోది నొక్కగానే పలికింది. కానీ ఎండలో అందులో మా మొహాలు తప్ప ఇంకేమీ కనపడలేదు. ఇద్దరం ఒకే గాజులో, పక్కపక్కన. నేను కాస్త ఎక్కువసేపే చూశాను.

"ఏం చూస్తున్నావు?"

"స్క్రీన్ క్వాలిటీ."

"ఊఁ. మూడోదాని ధర చెప్పు, అన్నా."

మూడోది అన్నిటికీ పనికొస్తుంది. ధర చెప్పాను. తల దించుకుంది. తగ్గిస్తానన్నాను. వెంటనే తలెత్తి, "జాలి బేరం మా ఇంట్లో ఎవరూ చేయరు," అంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. కొట్టు వెనక పాతది ఒకటి పడి ఉంది. అద్దం మూల పగిలిందని ఎవరూ కొనడం లేదు. లోపల సామాను మంచిది, స్క్రీన్ ఎండకి ఆగుతుంది, స్పీకర్ గట్టిది. పగులు మూలకే ఉంది, నొక్కడానికి అడ్డం రాదు.

"దీనికి జాలి అక్కర్లేదు. పగిలినదాని ధర ఎప్పుడూ తక్కువే."

ఆమె మొదటిసారి నవ్వింది. "పగిలినవి కొనడంలో మా నాన్నని మించినవాడు లేడు. శుక్రవారం తీసుకొస్తాను. బేరం ఆయనే చేస్తాడు."

శుక్రవారం నమాజు వేళ బజారంతా మూసేస్తారు. రికార్డు చేయడానికి ఆ ఒక్క వేళే నిశ్శబ్దం. బా అల్లాల్ మెడకి శాలువా చుట్టుకుని వచ్చాడు. పొడుగాటి మనిషి, గొంతు అప్పటికే బొంగురు. టాబ్లెట్‌ని చేతిలో తిప్పి తిప్పి చూసి, పగులు మీద వేలు పెట్టాడు.

"ఎంత?"

చెప్పాను.

"చాలా ఎక్కువ!" అని లేచి వెళ్ళిపోయాడు.

నేను గాభరాపడ్డాను. వియామ్ కదల్లేదు. "కూర్చో, అన్నా. వస్తాడు. రెండుసార్లు వెళ్ళిపోకుండా ఆయన ఇంతవరకు సూది కూడా కొనలేదు."

వచ్చాడు. తన అంకె చెప్పాడు. ఆయన లెక్కంతా ఇంకా పాతకాలపు రియాళ్ళలోనే. నేను దిర్హమ్‌లలోకి మార్చుకునేలోపే "నాకొద్దు, పోతున్నా," అని మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. అప్పుడు నా చెయ్యి పట్టుకుని, "దేవుడు లాభమివ్వాలి," అన్నాడు. ఆ మాట పడ్డాక మా బజారులో బేరం తిరగదు. అమ్మినవాడు ఏడ్చినా అంతే.

తలుపు వేశాం. ఏ మాటలు కావాలో వియామ్ రాసుకొచ్చింది. నొప్పిగా ఉంది. నీళ్ళు. నిద్ర పట్టడం లేదు.

"అవెందుకు?" అన్నాడు బా అల్లాల్. "నొప్పి నా మొహం మీద కనపడదూ? దానికి మొహం చాలు. బేరానికే గొంతు కావాలి."

వీధిలో వేసే కేక రికార్డు చేశాడు. రేకులు అదిరాయి. తర్వాత దగ్గు వచ్చి, గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. గుడ్డ మీద ఎరుపు కనపడింది. మేం చూడనట్టు ఊరుకున్నాం. "ఎంత?"కి దిర్హం బొమ్మ పెట్టాను. "చాలా ఎక్కువ"కి నిప్పు బొమ్మ పెట్టమన్నాడు. "తుప్పు పట్టింది"కి మేకు. "నాకొద్దు, పోతున్నా"కి చెప్పు. "దేవుడు లాభమివ్వాలి"కి చాచిన అరచెయ్యి.

"అయిపోయిందా?" అంది వియామ్. "మరి నన్నెలా పిలుస్తావు, బా?"

ఆయన మెడ శాలువా వదులు చేసుకున్నాడు. తర్వాత పిలిచాడు. "వియామ్!" వద్దన్నాడు, బాగా రాలేదన్నాడు. మళ్ళీ పిలిచాడు. వంటింట్లో ఉన్న పిల్లని పిలిచినట్టు, వీధి చివర ఆడుకునే పిల్లని పిలిచినట్టు, ఇంకా నచ్చక మళ్ళీ మళ్ళీ. ప్రతిసారీ ఆమె అలవాటుగా "ఆఁ, బా," అంటూనే ఉంది. ఆ గొంతు కూడా పడి రికార్డు పాడవుతోందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చివరికి ఆమే పెదవులు బిగించుకుని కూర్చుంది. అప్పుడు సరిగ్గా వచ్చింది. ఆ పిలుపుకి ఆమె ఫొటో పెట్టాను. నేను వెనక్కి తిరిగి, అక్కర్లేని కేబుల్ ఒకటి వెతికాను.

ఆపరేషన్ బాగానే అయింది. వేసవిలో బా అల్లాల్ మళ్ళీ బండి తోశాడు. టాబ్లెట్ బండికి కట్టి ఉంది, మెడలో రంధ్రం మీద తెల్ల గుడ్డ ఉంది. కిటికీలు తెరుచుకున్నాయి. తగ్గించనన్నవాళ్ళకి నిప్పు బొమ్మ మీద వేలు తీయకుండా వినిపించేవాడట. చాలా ఎక్కువ, చాలా ఎక్కువ, చాలా ఎక్కువ.

ఆ వేసవిలో ఆ టాబ్లెట్‌కి లేని రోగం లేదు.

"సౌండు తగ్గింది, అన్నా."

"పెంచితే పెరిగింది, లల్లా."

"బ్యాటరీ వేడెక్కుతోంది."

"కాసాబ్లాంకా మొత్తం వేడెక్కుతోంది. కూర్చో, టీ తెప్పిస్తాను."

"టీలో పుదీనా ఎక్కువ వెయ్యమను, అన్నా."

"ఆ అన్నా అనడం తగ్గిస్తే ఎంత కావాలంటే అంత వేయిస్తాను."

మూతి ముడిచి, కళ్ళతో నవ్వి, తాగి వెళ్ళేది. నేను గ్లాసు వెంటనే కడిగేవాణ్ణి కాదు.

చలికాలం మొదట్లో ఒకరోజు టాబ్లెట్ లేకుండా వచ్చింది. బయట మళ్ళీ వాన. తడిసిపోయి గుమ్మంలోనే నిలబడింది.

"జుహైర్," అంది.

పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. ఎన్ని నెలలు ఎదురుచూశానో ఆ పిలుపు కోసం. తీరా విన్నాక, మళ్ళీ అన్నా అంటే బాగుండుననిపించింది.

"మళ్ళీ వచ్చిందట. ఈసారి ఊపిరితిత్తుల్లో. కొయ్యడానికి కూడా ఏం లేదన్నారు."

తువ్వాలు ఇచ్చాను. మొహం దాచుకుని అందులో ఏడ్చింది. ఆ రోజే అడిగాను, ఇంతకంటే పాడు సమయం ఉండదని తెలిసి కూడా. "మీ నాన్న చూస్తుండగా చేసుకుందాం."

"నన్ను చూసి జాలిపడుతున్నావా?"

"నీ మీద జాలిపడేంత ధైర్యం నాకెక్కడిది?"

మా అమ్మ చక్కెర దిమ్మ, ఖర్జూరాలు పట్టుకుని వాళ్ళింటికి వచ్చింది. బా అల్లాల్ దిండ్లకి ఆనుకుని ఉన్నాడు. సగం మనిషయ్యాడు. ఒళ్ళో టాబ్లెట్. మా అమ్మ మర్యాదగా, "అల్లాల్ అన్నయ్యా, మీ వియామ్‌ని మా జుహైర్‌కి అడగడానికి వచ్చాం," అంది.

ఆయన నన్ను కింది నుంచి పై దాకా చూశాడు. వేలు కదిలింది.

"ఎంత?"

మా అమ్మ తెల్లబోయింది. "పిల్లకి మేం ఇచ్చేదా?"

ఆయన తల అడ్డంగా ఊపి, వేలితో నన్ను చూపించాడు. తర్వాత మేకు బొమ్మ నొక్కాడు.

"తుప్పు పట్టింది!"

ఆ గొంతులో ఏ రోగమూ లేదు. గదంతా నిండిపోయింది. ఆయన ఊపిరి మాత్రం పక్కన గరగరలాడుతోంది. నిప్పు బొమ్మ నొక్కాడు. "చాలా ఎక్కువ!" చెప్పు బొమ్మ నొక్కాడు. "నాకొద్దు, పోతున్నా!" అని, దుప్పటి తీసి గోడవైపు తిరిగాడు. కాసేపటికి ఇటు తిరిగి, మళ్ళీ చెప్పు, మళ్ళీ గోడ.

మా అమ్మ మొహం ఎర్రబడింది. "లేవరా జుహైర్. ఇంత అవమానమా?"

"కూర్చోండి పిన్నీ," అంది వియామ్. కళ్ళనిండా నీళ్ళు, పెదవి మీద నవ్వు. "రెండుసార్లూ వెళ్ళిపోవడం అయింది. ఇక వస్తాడు."

ఆయన కష్టపడి ఇటు తిరిగాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. ఎముకలే తగిలాయి. రెండో చెయ్యి అరచెయ్యి బొమ్మ మీదికి వెళ్ళింది.

"దేవుడు లాభమివ్వాలి."

మా అమ్మే ముందు అరచేతులు చాచి ఫాతిహా ప్రార్థన అందుకుంది. బేరం కుదిరింది.

పెళ్ళి దాకా ఆయన ఆగలేదు. నిఖా పెట్టుకున్న రోజుకి వారం ముందు, మధ్యాహ్నం పూట, ఇద్దరం పక్కనే ఉండగా పోయాడు. పెళ్ళి వాయిదా పడింది. ఆ టాబ్లెట్‌ని వియామ్ మళ్ళీ ఆన్ చేయలేదు. గుడ్డలో చుట్టి బీరువా పైన పెట్టేసింది.

వసంతంలో దాన్ని పట్టుకుని నా కొట్టుకొచ్చింది. మొదటిసారిలాగే ప్లాస్టిక్ సంచిలో. బ్యాటరీ ఉబ్బి, పగిలిన అద్దం పైకి లేచింది.

"ఇది పోయేలా ఉంది. కొత్తది చూడు."

"స్క్రీన్ ఎలాంటిది కావాలి?"

"ఎలా ఉన్నా పర్వాలేదు."

"ప్రాసెసర్?"

"నాకు తొందరేం లేదు. ఇందులో ఉన్నది పోకుండా ఉంటే చాలు."

షెల్ఫులో ఉన్నవాటిలో అన్నిటికంటే మంచిది తీశాను. అప్పుడు ఎండలో చూపించిన ఆ మూడోదే, అమ్మకుండా నేను దాచినది. "నీకు ఊరికే," అన్నాను.

ఆమె నేను ఛార్జరు పెట్టి ఆన్ చేసిన పాత టాబ్లెట్ వైపు చూసింది. వేలు చాచింది, వెనక్కి తీసుకుంది, మళ్ళీ చాచి నిప్పు బొమ్మ నొక్కింది.

"చాలా ఎక్కువ!"

ఇద్దరం పగలబడి నవ్వాం. పక్క కొట్టువాడు తొంగిచూశాడు. ఆ నవ్వు ఎక్కడ ఏడుపులోకి తిరిగిందో నాకు తెలియదు. ఆమె కళ్ళు తుడుచుకుని, గ్లాసులు కడుగుతానని కొట్టు వెనక్కి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు వినపడింది.

నేను అన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించాను. ఎక్కాయో లేదో చూడాలి కదా. ఒక్కొక్క బొమ్మ మెల్లగా నొక్కాను. దిర్హం పలికింది. మేకు పలికింది. చెప్పు, అరచెయ్యి, అన్నీ పలికాయి. చివరిది ఆమె ఫొటో. సౌండు తగ్గించడం మరిచిపోయి నొక్కేశాను.

"వియామ్!"

వెనకనుంచి కుళాయి కట్టేసిన చప్పుడు.

"ఆఁ, వస్తున్నా, బా!"

తడిచేతులతో గుమ్మం దాకా వచ్చేసింది. అక్కడ నేను ఒక్కణ్ణే ఉన్నాను.