విడివిడిగా కొట్టుకున్న కణాలు

2002 ఆగస్టు 19, సోమవారం. మధ్యాహ్నం 12:20.

ఎస్సై పల్లవి బాన్సువాడలోని ఆ ప్రైవేటు కాలేజీ ల్యాబ్‌లో అడుగు పెట్టేసరికి గదినిండా సాంబ్రాణి వాసన. చచ్చినవాళ్లెవరూ లేరు. పోయిన వస్తువూ లేదు. అయినా స్టేషన్‌కు ఫోన్ వచ్చింది.

మూలన నేలమీద కూర్చుని ఉంది బుజ్జమ్మ. పదకొండేళ్లుగా ఆ గది ఊడ్చే మనిషి.

"ఈమే పాడుచేసింది మేడం," అంది ఆ ల్యాబ్ నడిపే డాక్టర్ రాజశ్రీ. "మూడేండ్ల పని."

"ఏం పాడైంది? నాకర్థమయ్యేటట్టు చెప్పండి."

రాజశ్రీ మైక్రోస్కోపు కింద ఉన్న గాజు డిష్ చూపించింది. కోడిపిండం గుండె నుంచి తీసిన కణాలు. ఒక్కోటీ తనంతట తానే కొట్టుకుంటుంది. రెండు కణాలు ఆనుకుంటే మధ్య సన్నని దారులు ఏర్పడతాయి. గ్యాప్ జంక్షన్లంటే అవే. కబురు వాటిలోంచి పోతుంది. అప్పుడు కణాలన్నీ ఒక్క లయలో కొట్టుకుంటాయి. ఆ దారులు ఎప్పుడు తెరుచుకుంటాయి, ఎందుకు మూసుకుంటాయి? అదే ఆమె పరిశోధన.

పదకొండు గంటలకు పరిశోధనలకు డబ్బిచ్చే హైదరాబాద్ కమిటీ నుంచి సాంబమూర్తి వచ్చి చూశాడు. ఏ కణానికా కణం విడిగా కొట్టుకుంటోంది.

"పొగతోనే అయింది అక్కా," అన్నాడు బాలకృష్ణ. ఆరేళ్లుగా ఆమె పక్కన పనిచేస్తున్న లెక్చరర్. ఏటా ఆమెతో రాఖీ కట్టించుకునే తమ్ముడు. "నేనొచ్చేసరికే రూమంత పొగ."

బుజ్జమ్మను పనిలోంచి తీసేసే కాగితం ప్రిన్సిపాల్ బల్లమీద సిద్ధంగా ఉంది. కావాలని చేసిందని తేలితే కేసు కూడా.

పల్లవి ఆమె ముందు గొంతుక్కూర్చుంది.

"అవ్వా, పొగ ఏసినవా?"

"ఏసిన బిడ్డా."

"ఎన్ని గంటలకు?"

"తొమ్మిది కొట్టంగ."

"కణాలుండే ఆ పెట్టె తెరిచినవా?"

"నేనెందుకు తెరుస్త? గుడ్ల పెట్టె ముట్టుకుంటే మేడం నా చెయ్యిరగ్గొడ్తదాయె!"

పల్లవి లేచి, కణాలను వెచ్చగా ఉంచే ఆ ఇంక్యుబేటర్ పెట్టె తలుపు తీసింది. లోపల ఇంకో డిష్.

"ఇదేంది?"

"అదీ ఇవే కణాలు. రెండూ పక్కపక్కనే పెడతాను."

"దీన్ని ఎవరన్న చూసిండ్రా?"

ఎవరూ చూడలేదు. రాజశ్రీ మైక్రోస్కోపు కింద పెట్టి వంగింది.

"ఒక్క లయలో కొట్టుకుంటున్నయి."

"ఒక్కటే పెట్టె. ఒక్కటే పొగ. ఒకదానికి అంటి ఇంకోదాన్ని ఇడిసిపెట్టిందా?" పల్లవి గొంతు పెరగలేదు. "ఆ దారులు మూసే మందు ఉంటదా?"

"హెప్టనాల్. అలమారాలో ఉంది."

పల్లవి సీసా మూత తీసి వాసన చూసింది. ఘాటు ముక్కుకెక్కింది.

"ఎక్కువ పోస్తే?"

"కణాలు చస్తయి."

"కొలిచి పోస్తే?"

"దారులు మూసుకుంటయి, అంతే. కడిగితే మళ్లీ తెరుచుకుంటయి."

"కడగండి."

1:05కు కడిగారు. 1:25కు రాజశ్రీ కళ్లు తుడుచుకుంది. "కలిసినయి."

"పాడు చెయ్యాలనుకున్నోడు చంపుతడు," అంది పల్లవి. "ఇక్కడ చంపలే. కొలిచి పోసిండు. ఈ కణాలు రేపు వాడికే కావాలె." బుజ్జమ్మ వైపు తిరిగింది. "అవ్వా, పొగ ఎయ్యాలని నీకే తోచిందా?"

"లే బిడ్డా. బాలకృష్ణ సారే చెప్పిండు. అక్క పని మీద అందరి కండ్లు పడ్డయి, దిష్టి పోవాలె, జర గట్టిగ పొగెయ్యి అవ్వా అన్నడు."

"పొద్దటిసంది ఎందుకు చెప్పలే?"

"ఏసినవా అని అడిగిండ్రు. ఏసిన అన్న. ఎవలు ఎయ్యమన్నరని ఎవలడిగిండ్రు?"

"మందు వాసన రాకుండ సాంబ్రాణి," అంది పల్లవి. "నింద పడనీకి అవ్వ."

అప్పటిదాకా తలుపు దగ్గరే ఉన్న సాంబమూర్తి తన ఫైలు తెరిచాడు. "జూన్‌లోనే బాలకృష్ణ గారి పేరుతో దరఖాస్తు వచ్చింది. ఇదే పని మీద. మీకు తెలుసనుకున్నానమ్మా."

రాజశ్రీ బాలకృష్ణను చూసింది. అతను ఇక దాచలేదు.

"ఆరేండ్లు పిట్లం నుంచి గుడ్లు తెచ్చిన అక్కా. బస్సుల, ఒళ్లె పెట్టుకొని. ఒక్క పేపర్ల నా పేరు రాసినవా?"

"అడిగితే రాయకపోదునా తమ్మీ?"

"అడగాల్నా?"

కానిస్టేబుల్ అతణ్ని జీపు దగ్గరికి తీసుకెళ్లాడు.

రాజశ్రీ నేలమీద బుజ్జమ్మ పక్కన కూర్చుంది.

"అవ్వా, ఆ కాగితం నేనే చింపిస్త. రేపు ఎప్పటిలెక్కనే రా."

బుజ్జమ్మ మోకాళ్లమీద చేతులు ఆనించి మెల్లగా లేచింది.

"వస్త. పని ఇడిసిపెడితే పొయ్యెట్ల ఎలుగుతది? గని మేడం, సారు గూడ అవ్వా అనే పొగెయ్యమన్నడు. రేపటిసంది నన్ను అవ్వా అనకు. పేరు పెట్టి పిలువు."