మాణిక్యమ్మ వేలిముద్ర

కార్వాన్‌లో స్వరూప అంటే ఎవరికీ తెలియకపోవచ్చు గానీ, పాల మాణిక్యమ్మ బిడ్డ అంటే చాలు, చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. ఇరవయ్యారేళ్లది. మొఘల్‌పురాలో చీరల దుకాణంలో పని. నోరు గట్టిదే గానీ మనసు మెత్తన. నిరుడు బాపు అంజన్న పోయినప్పటి నుంచి ఆ పిల్లకు ఒకటే పట్టుదల. అమ్మనూ బాపునూ చేతి మీద పచ్చబొట్టుగా పొడిపించుకోవాలె. పేర్లు కాదు, బొమ్మలు కాదు. వాళ్ల బొటనవేలి ముద్రలు.

ఎందుకంటే ఆ ఇద్దరికీ సంతకం రాదు. స్వరూప ప్రోగ్రెస్ కార్డుల మీదన్నీ బాపు వేలిముద్రలే. బడిలో పిల్లలు నవ్వుతారని ఆ కార్డులను పుస్తకాల అడుగున దాచేది. ఇప్పుడది గుర్తొస్తే తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తది. "దాచిన చేతి మీదనే పొడిపిచ్చుకుంట, మంది చూడనీ" అని దోస్తులకు చెప్పుకున్నది.

బాపు ముద్రకు పాత కార్డు ఉన్నది. అమ్మది కావాలె. అడిగితే ఇంకేమన్నా ఉన్నదా! "ఒళ్లు పాడు చేసుకుంటవానే" అని మాణిక్యమ్మ ఇల్లెగిరిపోయేటట్టు లొల్లి చేస్తది. అందుకని చెప్పకుండా తీసుకుందామనుకున్నది స్వరూప.

మాణిక్యమ్మ పొద్దున నాలుగింటికే లేచి బర్లను పిండి, గల్లీ గల్లీ పాలు పోసొచ్చి, పదింటికి ముసుగుతన్ని పండుకుంటది. ఏళ్ల నుంచి అదే అలవాటు. ఆ ఆదివారం స్వరూప స్టాంపు ప్యాడ్ పట్టుకుని పిల్లిలెక్క లోపలి గదిలోకి పోయింది. కిటికీ మూసి ఉన్నది. మంచం మీద మనిషి, తల మీదికి దుప్పటి. ఒక చెయ్యి బయటికి వేలాడుతున్నది. బొటనవేలికి సిరా రుద్ది, తెల్ల కాగితం మీద ఒత్తింది. చెయ్యి కదలలేదు. చల్లగా ఉన్నది. పాల క్యాన్లు కడిగిన చెయ్యి చల్లగా ఉండక ఇంకెట్లుంటది అనుకుని, చడీచప్పుడు కాకుండా బయటపడ్డది.

సీమోను టాటూ దుకాణం సందు చివర, మెట్లెక్కి పోవాలె. లోపల స్పిరిట్ వాసన. కింది నుంచి కోళ్ల దుకాణం వాసన. సీమోనుకు యాభై దాటినయి. వెనకట పెద్దాసుపత్రిలో శవాల గది దగ్గర పద్దెనిమిదేళ్లు పని చేసి మానేసిండని గల్లీలో అందరికీ తెలుసు. స్వరూపకు ముందు నుంచీ ఆయన సూదుల మీద అనుమానమే.

"కొత్త సూదేనా అన్నా?"

"నీ కండ్ల ముందటనే విప్పుతున్న. సూడు."

బాపు ముద్ర పొడుస్తుంటే ప్రాణం పోయినంత పనైంది. పళ్లు బిగబట్టి ఓర్చుకున్నది. అయిపోయినాక సీమోను అమ్మ కాగితం తీసుకుని దీపం కిందికి పట్టిండు. చాలాసేపు చూసిండు. మిషన్ బంద్ చేసిండు.

"ఇది ఎవరిది బిడ్డా?"

"మా అమ్మది."

"ఎన్నడు పోయింది?"

స్వరూపకు ఒళ్లు మండిపోయింది. "ఏం మాటలన్నా అవి! మా అమ్మ ఇంట్ల పండుకున్నది. పొద్దుగాల నేనే అద్దుకొచ్చిన."

"గుస్సా కాకు. శవాల గదిల సచ్చినోళ్ల వేళ్లు ఆస్తి కాగితాల మీద ఒత్తిచ్చుకపోయినోళ్లను మస్తు మందిని సూసిన. బతికున్న వేలు, ఎంత నిద్రల ఉన్నా, జర ఎనకకు గుంజుకుంటది. ముద్ర ఒక దిక్కు జారుతది. ఇది జారలే. పెట్టిన కాడ పెట్టినట్టే ఉన్నది."

భయపెట్టి ఆడుకుంటున్నడా? అయినా గుండె ఊరుకోలేదు. అమ్మకు ఫోన్ కలిపింది. నాలుగు రింగులు. ఎత్తిన చప్పుడైంది.

"అమ్మా, పండుకున్నవా?"

"ఊఁ."

"పానం మంచిగున్నదా?"

"ఊఁ." ఫోన్ పెట్టేసిన చప్పుడు.

"ఇన్నవా? ఇగ పొడువు" అన్నది స్వరూప. సీమోను గుండెల మీద సిలువ గుర్తు వేసుకుని మిషన్ అందుకున్నడు.

ఈసారి నొప్పి లేదు. అసలు లేదు. సూది దిగుతున్నది గానీ వేరేవాళ్ల చేతిలో దిగుతున్నట్టున్నది. రక్తం చుక్క రాలేదు. సీమోను ఒక్కసారి ఆమె ముఖం చూసిండు. మళ్లీ చూడలేదు. ప్లాస్టిక్ కవరు చుట్టి, "పో బిడ్డా, జల్ది ఇంటికి పో" అన్నడు.

మూడు గంటలకే మబ్బు పట్టి గల్లీలన్నీ చీకటైనయి. కరెంటు లేదు. ఇంటి ముందు మాణిక్యమ్మ బర్లకు కుడితి కలుపుతున్నది. బిడ్డను చూసి ఉలిక్కిపడ్డది.

"నువ్వు... బయటికి ఎప్పుడు వోయినవే?"

"పొద్దుగాలనే. కోపం చెయ్యకు అమ్మా. ఇదో, ఇది బాపు వేలు. ఇది నీది. పదింటికి నువ్వు పండుకున్నప్పుడు అద్దుకున్న."

"నేనెక్కడ పండుకున్న? పాలు పోసి అటునుంచటే కిషన్‌బాగ్ పోయిన. మీ లలిత పెద్దమ్మకు జరమొచ్చింది. వచ్చి గంట కూడా కాలే."

"మరి ఫోన్ల మాట్లాడితివి?"

"ఫోను ఇంట్లనే మర్సిపోయిన కదనే."

"మరి... మంచం మీద ఎవరే అమ్మా?"

మాణిక్యమ్మ గొంతు తగ్గింది. "నువ్వే కదా. నేనొచ్చేటాలకు ముసుగుతన్ని ఉన్నవ్. తలకాయ నొస్తుందంటివి. చాయ్ ఇస్తే తాగినవ్... నా ఒళ్లె తల పెట్టినవ్..."

లోపల మంచం కిర్రుమన్నది.

"అమ్మా... ఎవరొచ్చిండ్రు?"

స్వరూప గొంతే. అచ్చం స్వరూప గొంతే.

మాణిక్యమ్మ గది దిక్కు చూసింది. స్వరూప దిక్కు చూసింది. ముందు పాదాలు చూసింది. తరువాత ముఖం. తరువాత చేతి మీది ముద్రను... మెల్లగా వంగి చూసింది.

"గిది నా వేలు కాదు."

"అమ్మా, నేనే... నీ బిడ్డను... ఇటు రా, లోపలికి పోకు..."

మాణిక్యమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు. గడప దాటింది. తలుపు పడ్డది. లోపలి నుంచి గొళ్లెం.

స్వరూప తలుపు బాదింది. ఏడ్చింది. పిలిచింది.

లోపల అమ్మ ఎవరినో ఒళ్లోకి తీసుకుని, జోకొడుతున్నట్టు మెల్లగా చెప్తున్నది.

"భయపడకు బిడ్డా... జర సేపు బాది, అదే పోతది."